గేటు దాటితే ఎంత ‘గ్రీన్’?

ఆదివారం పేపరు విప్పితే చాలు, ఫ్లాట్ల ప్రకటనలు! ఆకాశాన్నంటే టవర్లు, నీలం రంగు ఈతకొలను, ఓ మూలన ఆకుపచ్చ ముద్ర. ‘గోల్డ్ రేటింగ్’, ‘ప్లాటినం గ్రీన్ హోమ్స్’ అని పెద్ద పెద్ద అక్షరాలు. ఇంతకీ ఆ ముద్ర ఎవరు వేస్తారు? ఏం చూసి వేస్తారు? వంటింటి గట్టు మీది రాయి దగ్గర్నుంచి బాత్రూమ్ కుళాయి దాకా అన్నీ ఆరా తీసే మనం ఈ ప్రశ్న మాత్రం ఎందుకో అడగం.

ఈ విషయంలో మన హైదరాబాద్‌కు పెద్ద పేరే ఉంది. గ్రీన్ భవనాలకు రేటింగులిచ్చే ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ 2001లో ఏర్పడింది, దాని కేంద్రం ఇక్కడే. అమెరికా వాళ్ళ ‘లీడ్’ పద్ధతిలో అత్యున్నతమైన ప్లాటినం రేటింగ్‌ను ఆ దేశం బయట మొదట అందుకున్న భవనం కూడా ఇక్కడి గ్రీన్ బిజినెస్ సెంటరే. అది 2003 నాటి మాట. ఇవి కాక మన దేశానికి ‘గృహ’ అనే సొంత రేటింగ్ కూడా ఉంది.

ఈ రేటింగుల వల్ల మేలు లేదని నేననను. కరెంటు, నీళ్ళు ఆదా అవుతాయి. గాలీ వెలుతురూ బాగుంటాయి. కానీ ఒక ఇల్లు నిజంగా మంచిదా కాదా అన్నది ఆ ఇంటి గోడలే తేల్చవు. అది ఎక్కడ కట్టారు, చుట్టూ ఏముంది అన్నవే సగం తేలుస్తాయి. ఆడవాళ్ళకైతే సగం కన్నా ఎక్కువే! రేటింగులో ఈ సంగతికి దక్కే చోటు ఎంతో చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది.

మార్కుల లెక్క

ఉదాహరణకి లీడ్ పద్ధతినే తీసుకుందాం. 2013లో వచ్చిన దాని నాలుగో వెర్షన్‌లో కొత్త భవనాలకు మొత్తం 110 పాయింట్లు. 40 వస్తే సర్టిఫికెట్, 50కి సిల్వర్, 60కి గోల్డ్, 80కి ప్లాటినం. ఇందులో స్థలం, ఇరుగుపొరుగు, రవాణా అన్నీ కలిపి 16 పాయింట్లు. ఇవి తప్పనిసరి నిబంధనలు కావు, పరీక్షలో ఐచ్ఛిక ప్రశ్నల్లాంటివి. స్థలానికి సంబంధించి తప్పనిసరిగా చేయాల్సిందల్లా నిర్మాణం జరిగేటప్పుడు మట్టి కొట్టుకుపోకుండా, దుమ్ము రేగకుండా చూడటం. అంటే ఆ 16 పాయింట్లూ పూర్తిగా వదిలేసుకున్నా ఇంకా 94 మిగులుతాయి. లెక్క ప్రకారం ప్లాటినం కూడా కొట్టొచ్చు!

ఇంకో సంగతి చూడండి. చెరువుకు 30 మీటర్ల లోపు, చిత్తడి నేలకు 15 మీటర్ల లోపు, వందేళ్ళకోసారి వచ్చేంతటి పెద్ద వరద ముంచెత్తే పల్లంలో కట్టడాలు వద్దని అందులో ఉంది. మంచి మాటే. దానికి ఇచ్చే పాయింట్లెన్నో తెలుసా? ఒక్కటి! సైకిళ్ళ సదుపాయాలకూ ఒక్కటే. వరద పల్లంలో ఇల్లు కట్టకపోవడమూ, సైకిల్ స్టాండు కట్టడమూ ఒకే తూకమన్నమాట.

నీళ్ళు దారి మర్చిపోవు

2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో కురిసిన వానకి కాలనీలకు కాలనీలే మునిగాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉంది. ఆ రోజుల్లో టీవీల్లో మనం చూసింది ఎవర్ని? పసిపిల్లల్ని భుజాన వేసుకుని పాల ప్యాకెట్ కోసం చేయి చాచిన తల్లుల్ని. నీళ్ళు తీశాక బురద ఎత్తిందీ, తడిసిన బియ్యం పారబోసిందీ, పిల్లల సర్టిఫికెట్లు ఎండబెట్టిందీ ఎక్కువగా ఆడవాళ్ళే.

చెరువుల విషయంలో మన చట్టం నిద్రపోవడం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012లో వచ్చిన జి.ఓ. 168 ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు అంచు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకూ కుంటలకూ 9 మీటర్లు వదిలేయాలి. దీన్నే బఫర్ జోన్ అంటున్నారు. 2024 జూలైలో హైదరాబాద్‌లో ‘హైడ్రా’ ఏర్పడి కూల్చివేతలు మొదలయ్యాక ఈ మాట ప్రతి ఇంట్లోనూ వినబడుతోంది. నగలు అమ్మి, చిట్టీ పాడి కొన్న ఇంటి ముందు బుల్డోజర్ ఆగితే ఆ ఇల్లాలికి ఏం చెప్పగలం? స్థలం సంగతి చివర తేల్చుకునేది కాదు, అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది.

“మరి నేను?”

ఆ మధ్య మా ఆడపడుచు ఫ్లాటు కొంటానంటే తోడు వెళ్ళాను. తను టీచరు. ఊరి చివర పెద్ద ప్రాజెక్టు. సేల్స్ అబ్బాయి ఎంతో మర్యాదగా సోలార్ పలకలు, వాన నీటి గుంతలు అన్నీ చూపించాడు. అంతా విని మా ఆడపడుచు “బాబూ, ఇక్కడ బస్సెక్కడ ఆగుతుంది?” అంది.

“బస్సెందుకు మేడమ్? ఫ్లాటుకి రెండు కార్ల పార్కింగ్ ఇస్తున్నాం కదా!” అన్నాడు.

తను నా వైపు తిరిగి మెల్లగా అంది. “వదినా, ఉన్న ఒక్క కారూ ఆయన తీసుకెళ్తారు. మరి నేను?”

విచిత్రమేమిటంటే, లీడ్ పద్ధతిలో పార్కింగ్ తగ్గిస్తేనే పాయింటు! బస్సు విషయంలోనూ దాని నియమం బాగుంది. నడిచే దారిలో 400 మీటర్ల లోపు బస్‌స్టాప్ గానీ, 800 మీటర్ల లోపు రైలు స్టేషన్ గానీ ఉండాలి. స్టాపు ఉంటే సరిపోదు, పనిదినాల్లో కనీసం 72 ట్రిప్పులు, సెలవు రోజుల్లో 40 నడవాలి. దుకాణాలూ సదుపాయాలూ 800 మీటర్ల లోపు నాలుగు రకాలైనా ఉండాలి. ఆ జాబితాలో కూరగాయలు దొరికే కొట్టు, మందుల షాపు, బడి, క్లినిక్, పోస్టాఫీసు, పార్కుతో పాటు పిల్లల సంరక్షణ కేంద్రం, వృద్ధుల సంరక్షణ కేంద్రం కూడా ఉన్నాయి. ఇదంతా చదువుతుంటే మన దినచర్య ఎవరో చూసి రాసినట్టే అనిపించింది. కాకపోతే ఇదీ ఐచ్ఛికమే!

తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచీ, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచీ ప్రభుత్వ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చింది. టికెట్ లేకపోయినా స్టాపు రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటే ఏం లాభం? ఆ దూరానికి ఆటోకి ఇచ్చే డబ్బులే టికెట్ కన్నా ఎక్కువ. పైగా రాత్రి ఏడు దాటాక దీపాల్లేని రోడ్డు మీద ఆ నడక!

మన సంగతి సరే, మన ఇంట్లో పనిచేసే అమ్మాయి సంగతో? గేటెడ్ కమ్యూనిటీ వెనక గోడకు అవతలే ఆమె బస్తీ ఉంటుంది. కానీ గేటు ముందువైపే. గోడ చుట్టూ తిరిగి, నాలుగిళ్ళలో పని చేసి, మళ్ళీ చుట్టూ తిరిగి వెళ్ళాలి. లీడ్‌లో దూరాన్ని పటం మీద స్కేలు పెట్టి కొలవరు, నడిచే దారి వెంట కొలుస్తారు. ఆ కొలత మనమూ నేర్చుకోవాలి.

బిల్డర్లు ఒక మాటంటారు... “బస్సులు నడపడం మా పనా?” అని. నిజమే, అది ప్రభుత్వం పని. రోడ్డు, దీపాలు, బడి లేకుండానే ఊరి చివర లేఅవుట్లకు అనుమతులిచ్చే అధికారులు జవాబు చెప్పాలి. కానీ చవగ్గా దొరికే స్థలం ఎంచుకున్నది బిల్డరే కదా! అక్కడ అతనికి మిగిలిన డబ్బును మనం రోజూ రెండు గంటల ప్రయాణంగా, ఆటో ఛార్జీలుగా చెల్లిస్తున్నాం. దూరం భరించలేక ఉద్యోగం మానేసిన ఆడవాళ్ళు మీ చుట్టూ ఎందరున్నారో ఒకసారి లెక్కపెట్టండి.

సంతకానికి ముందు

ముద్ర చూసి మురిసిపోకుండా పాయింట్ల పట్టిక అడగండి. స్థలానికి, రవాణాకు ఎన్ని వచ్చాయో చూడండి. కట్టడం పూర్తికాక ముందు ఇచ్చేది ‘ప్రీ సర్టిఫికేషన్’ మాత్రమే. అది కాగితం మీది ప్లానుకు ఇచ్చింది. తుది సర్టిఫికెట్ భవనం పూర్తయ్యాకే వస్తుంది. లీడ్‌కు 2025లో అయిదో వెర్షన్ వచ్చింది, పాయింట్ల అంకెలు మారతాయి. మనం అడగాల్సిన ప్రశ్నలు మాత్రం మారవు.

చెరువు హద్దుల పటం చూడండి. వానాకాలంలో ఒకసారి వెళ్ళి రండి. పక్క వీధి కిరాణా కొట్టావిణ్ణి అడగండి, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఏ ఇంజనీరు కన్నా బాగా చెబుతుంది. సాయంత్రం ఏడింటికి బస్‌స్టాప్ నుంచి గేటు దాకా మీరే నడిచి చూడండి. బ్రోచరు మాత్రం పారేయకండి! 2016 నాటి రెరా చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ప్రకటనలోని తప్పుడు మాట నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాళ్ళకు పరిహారం అడిగే హక్కుంది.

ఇక రేటింగులిచ్చేవాళ్ళకు నాదొక్కటే విన్నపం. వరద పల్లంలో కట్టకపోవడం, నడిచి చేరగలిగే బస్సు ఉండటం, ఈ రెండింటినీ ఐచ్ఛిక ప్రశ్నల్లోంచి తీసి తప్పనిసరి ప్రశ్నల్లో చేర్చండి. అవి లేని ఇంటికి ఎన్ని సోలార్ పలకలు బిగించినా, ఆ ఇంటి ఇల్లాలి పాదాలకు మాత్రం విశ్రాంతి దొరకదు.