తూటా నింపే మిషన్ కొంటున్నారా? అమెరికాలో హాబీ.. ఇక్కడ కనీసం ఏడేళ్ల జైలు!

అనంతగిరి (సూర్యాపేట జిల్లా): ఫోన్ తెరిస్తే చాలు.. బల్ల మీద చిన్న మిషన్, అందులోంచి సన్నగా రాలే పౌడర్, పక్కన వరుసగా ఖాళీ తూటా గుల్లలు. కాల్చిన తూటాను ఇంట్లోనే మళ్లీ నింపుకునే ‘రీలోడింగ్’ వీడియోలివి. ఏ మిషన్ మంచిదో కూడా వాళ్లే చెప్పేస్తున్నారు. చెప్పనిది ఒక్కటే.. అక్కడి చట్టం వేరు, మన చట్టం వేరు.

అక్కడెలా కుదురుతోంది?
అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకుంటే ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. అమ్మకానికి చేస్తేనే కావాలి. అందుకే అక్కడ మిషన్ ఎంపిక మామూలు షాపింగ్ వ్యవహారం.

మిషన్లలో తేడా ఏంటి?
గిద్ద, సోలలా కొలిచి పోసేది ఒక రకం. తూచి పోసే ఎలక్ట్రానిక్ మిషన్ ఇంకో రకం. కొలిచేది వేగంగా పోస్తుంది. కానీ పౌడర్ రకం మారితే అదే కొలతకు బరువు మారిపోతుంది. తూచేది నెమ్మది. పైగా ఫ్యాన్ గాలి తగిలినా అంకె కదులుతుంది. లెక్కంతా గ్రెయిన్లలోనే. ఒక గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు. అందులో పదో వంతు తేడాను కూడా పట్టించుకుంటారు. పొరపాటున ఒకే గుల్లలో రెండుసార్లు పౌడర్ పడిందా.. తుపాకీ పేలిపోయి చెయ్యో కన్నో పోవచ్చు.

మన చట్టం ఏం చెబుతోంది?
1959 ఆయుధాల చట్టంలో ‘మందుగుండు’ అంటే తూటా ఒక్కటే కాదు. దాని భాగాలు, దాన్ని తయారుచేసే యంత్రాలు కూడా ఆ నిర్వచనంలోకే వస్తాయి. తుపాకీ లైసెన్స్ ఉంది కదా అంటారా? అది దగ్గర ఉంచుకోవడానికి. తయారీకి సెక్షన్ 5 కింద వేరే లైసెన్స్ ఉండాలి. అది లేకుండా తయారుచేస్తే, 2019 సవరణ తర్వాత కనీస శిక్ష ఏడేళ్లు. గరిష్ఠంగా యావజ్జీవం.

షూటర్లకైనా అవసరమా?
2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదీ గగన్ నారంగ్‌కు కాంస్యం తెచ్చింది ఎయిర్ రైఫిల్. అందులో పౌడరే ఉండదు. ఈశా సింగ్ ఆడే 25 మీటర్ల పిస్టల్‌లో వాడే చిన్న తూటాలు మళ్లీ నింపడానికి పనికొచ్చేవి కావు.

చేలో అడవి పందుల బెడద నిజమే. అలాగని ఇంట్లో తూటా నింపితే పంట దక్కడం మాట అటుంచి కేసు మెడకు చుట్టుకుంటుంది.

కోదాడ, మిర్యాలగూడ, అనంతగిరి వైపు చాలా ఇళ్ల పిల్లలు అమెరికాలో ఉన్నారు. ‘వచ్చేటప్పుడు ఆ మిషన్ తెస్తావా బావా’ అని మెసేజ్ పెట్టే ముందు ఒక్క క్షణం ఆగండి. ఇక్కడ మొదటి ప్రశ్న ‘ఏ మిషన్’ కాదు, ‘ఏ లైసెన్స్’. దానికి జవాబు చెప్పాల్సింది రీల్స్ కాదు, లైసెన్సులిచ్చే అధికారి.