అచ్చు అంటే నకలు కాదు

"ఎంత పాతదైనా అచ్చు బొమ్మే కదా!" అని తీసిపారేసే పెద్దమనుషులతో నాకు పేచీ ఉన్నది. ఫ్రెంచి చిత్రకారుడెవరో రాగిరేకు మీద చెక్కిన కెథడ్రల్ రంగుల బొమ్మను చూపితే, వారు వేసే మొదటి ప్రశ్న "అసలు బొమ్మ ఎక్కడుంది?" అయ్యా, అసలు అదే!

ఈ విద్య మనకు కొత్తది కాదు. పూర్వులు తాటాకు మీద గంటంతో వ్రాసి, మసి పూసి తుడిచేవారు. పైమసి పోయి, గాట్లలోది నిలిచి అక్షరం కనబడేది. ఎన్‌గ్రేవింగుకు మూలసూత్రం ఇదే. రేకు గాట్లలో సిరా నింపి, పైన తుడిచి, తడి కాగితం పరచి, రూళ్ళ మధ్య గట్టిగా నొక్కుతారు. గాట్లలోని సిరా కాగితానికి ఎక్కుతుంది. చుట్టూ రేకు అంచు నొక్కు కూడ పడుతుంది. భూతద్దంలో చుక్కలుగా కనబడే క్యాలెండరు బొమ్మకూ దీనికీ పోలికే లేదు.

ఇతరుల చిత్రాలను చూచి చెక్కినవీ ఉన్నాయి, కాదనను. అందుకని అన్నింటినీ ఒకే గాటన కట్టవచ్చునా? షార్ల్ మెర్యోఁ (1821–1868) సంగతి చూడండి. రంగులను సరిగా పోల్చుకోలేని దృష్టిదోషం వల్ల ఆయన వర్ణచిత్రాలు వదలి ఎచింగును, అంటే గీతను ఆమ్లం చేత తినిపించే పద్ధతిని ఆశ్రయించాడు. 1850లలో పారిస్ నోత్రదామ్ కెథడ్రల్‌ను రాగిరేకులకు ఎక్కించాడు. అవి దేనికి నకళ్ళు?

ఇక రంగుల మాట. పాత ఎన్‌గ్రేవింగులలో చాలావాటికి అచ్చయిన తరువాత చేతితోనే రంగు అద్దారు. కొందరు రంగుకొక రేకు వాడారు. వెంట్రుకవాసి జరిగితే బొమ్మ పాడు. ఒకే రేకును వేర్వేరు లోతుల్లో చెక్కి, నూనె పాలు మార్చి చిక్కగానూ పలుచగానూ కలిపిన సిరాలను మెత్తని, గట్టి రోలర్లతో ఎక్కించి, ఒక్క నొక్కుతో రంగులన్నీ రప్పించే పద్ధతి గత శతాబ్దంలో పారిస్‌లోని ఆత్లియే 17 అనే కార్యశాలలో రూపు దిద్దుకొన్నది. దానిని తీర్చిదిద్దిన వారిలో ముఖ్యుడెవరు? 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి! శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ శిష్యుడు. ఆత్లియే 17 స్థాపకుడు హేటర్‌కు సహచరుడు. 1972లో పద్మశ్రీ అందుకొన్నాడు. 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశాడు.

ఇన్నేళ్ళు పాఠాలు చెప్పిన నాకు ఏ తెలుగు వాచకంలోనూ ఆయన పేరు తగలలేదు. గోదావరి మా చెన్నూరు దగ్గర ఉత్తరానికి తిరుగుతుంది. మన చూపు ఎప్పుడూ పడమరకే తిరుగుతుంది. అలా తిరిగిన చూపుకు అక్కడే నిలిచి పని చేసిన తెలుగువాడు కనబడకపోవడమే విడ్డూరం. ఫ్రెంచివాని బొమ్మను నకలన్న నోటితోనే మనవాని జీవితకాలపు శ్రమనూ నకలంటున్నామని గ్రహించరేం?

లోపం కొంత మాటలోనూ ఉన్నది. పెండ్లిపత్రికా అచ్చే, ఈ కళా అచ్చే! 'అచ్చ తెలుగు' అంటే కల్తీలేనిదని మురుస్తాము. వ్యుత్పత్తి వేరే అయినా, 'అచ్చు బొమ్మ' అనగానే ఎందుకో నకలనుకొంటాము. 'చెక్కుడచ్చు' అనే మాట నాకు తోచింది. ఇంతకన్న మంచిది తోచిన బ్లాగు మిత్రులు చెప్పండి, సంతోషంగా స్వీకరిస్తాను. "అసలు ఎక్కడ?" అని మాత్రం అడగకండి.