ఇల్లూ వాకిలీ: చప్పుడు లేని యంత్రం

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస వైపు విరుచుకుపడినప్పుడు ఉద్దానంలో జీడి, కొబ్బరి చెట్లు లెక్కకు మించి కూలాయి, కరెంటు పోయింది. అటువంటి వేళ పెట్రోలు రంపమే దిక్కు. బ్యాటరీని చార్జి చేసుకునేదెక్కడ?

అయితే పెరటి గడ్డికీ, వానలు వెలిసిన తరువాత ఖబరస్తాన్‌లో మోకాలెత్తున పెరిగిన కలుపుకూ అంత యంత్రం అవసరమా? గృహిణులకు నా మనవి యంత్రం గురించి కాదు, దాని కోసం తెచ్చి కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచే పెట్రోలు గురించి. దప్పికతో ఉన్న బిడ్డకు అది పానీయంలాగే కనిపిస్తుంది. పొరపాటున తాగితే వాంతి చేయించరాదు. పెట్రోలు ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది. తక్షణమే ఆసుపత్రికి తీసుకుపోవాలి. వేడెక్కిన ఇంజనులో పెట్రోలు పోయడమూ ప్రమాదమే. దాని ఆవిరి గాలి కంటె బరువైనది, నేలబారున పాకి పొయ్యిని చేరగలదు.

బ్యాటరీ యంత్రానికి పొగ లేదు, ఈ బెడద లేదు. కనుక ఇంటికి నేను దానినే మేలంటాను. కాని చప్పుడు తక్కువని చులకన చేయరాదు. బ్లేడు అదే పదును. ఎగిరే రాయి కంటికి అదే దెబ్బ. చుట్టుకున్న గడ్డిని తీసే ముందు బ్యాటరీని ఊడదీయాలి. పెట్రోలుదైతే ఇంజను ఆపి, ప్లగ్గు తీగ తప్పించాలి. ఉబ్బిన బ్యాటరీని మళ్ళీ చార్జి చేయవద్దు. రాత్రంతా చార్జింగులో వదలి, దాని పక్కనే పిల్లలను పడుకోబెట్టవద్దు.