పొరుగు మౌనం వహించినప్పుడు

ఉర్దూలో పొరుగువానిని 'హమ్‌సాయా' అంటారు. ఒకే నీడను పంచుకొనేవాడని ఆ మాటకు అర్థం. కంప్యూటర్ల మధ్య సమాచారానికి దారి చూపే రౌటర్లకు కూడా పొరుగులు ఉంటాయి. ఆ పొరుగు హఠాత్తుగా మాట్లాడడం మానివేస్తే ఏమి చేయాలన్న ప్రశ్నను ఒక తెలుగు అధ్యాపకుడు ఎత్తుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని చందానగర్ నుండి హైటెక్ సిటీకి రాత్రి ఉద్యోగాలకు వెళ్లే మన పూర్వ విద్యార్థులలో కొందరికి ఇది నిత్యకృత్యం. దీనిని మన భాషలో చెప్పుకోవడం అసాధ్యమేమీ కాదు.

రౌటర్లు పరస్పరం సంభాషించే పద్ధతులలో ప్రధానమైనది బీజీపీ. దీని తొలి నిర్దేశపత్రం 1989లో వెలువడింది. "ఫలానా చిరునామాలకు నా మీదుగా పోవచ్చు" అని పొరుగులు చెప్పుకొంటాయి. నడుమ నడుమ "నేనున్నాను" అని చిన్న సందేశాలు పంపుకొంటాయి. 2006 నాటి ప్రమాణం సూచించిన గడువు 90 సెకండ్లు. అంతసేపు ఏ కబురూ రాకున్నా, ఈలోగా సంబంధం తెగిపోయినా, ఆ పొరుగు చెప్పిన మార్గాలన్నింటిని కొట్టివేసి ఆ వార్తను ఇతర పొరుగులకు చేరవేయాలి. అవి తమ పొరుగులకు చెప్పాలి. నేడు ప్రపంచ మార్గాల పట్టికలో దాదాపు 10 లక్షల పద్దులున్నాయి. ఒక యంత్రం రెండు నిమిషాలు కన్ను మూసి తెరిచినందుకు ఇంత రాద్ధాంతమా?

పెద్ద రౌటర్లలో మార్గాన్ని నిర్ణయించే మెదడు వేరు, సమాచారపు పొట్లాలను దాటవేసే చేతులు వేరు. సాఫ్ట్‌వేర్ మార్చేటప్పుడు మెదడు కాసేపు నిద్రించినా, పాత పట్టికను పట్టుకొని చేతులు పని చేయగలవు. దీనిని ఆధారం చేసుకొని 2007 జనవరిలో 'గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్' అనే పద్ధతి ప్రమాణంగా వెలువడింది. సంబంధం కుదిరినప్పుడే "నేను పడిపోతే ఇన్ని సెకండ్లు ఓపిక పట్టు" అని రౌటర్ ముందుగా చెప్పుకొంటుంది. అది పడిపోయినప్పుడు పొరుగు దాని మార్గాలను చెరిపివేయదు. పాతబడినవని గుర్తు పెట్టి, వాటినే వాడుతుంది. తిరిగి లేచిన రౌటర్ "నా పట్టిక భద్రంగానే ఉన్నది" అని చెప్పాలి. చెప్పకుంటే గుర్తు పెట్టినవన్నీ పోతాయి. చెప్పితే, పొరుగులన్నీ తమ మార్గాలను దానికి మళ్లీ వినిపించి, చివర 'ఎండ్ ఆఫ్ రిబ్' అనే ముగింపు గుర్తు పంపుతాయి. వాటన్నింటిని విన్నాకనే అది తన నిర్ణయాలను ప్రకటిస్తుంది. ఆ ప్రకటనలో మళ్లీ కనబడని పాత మార్గాలను అప్పుడు తొలగిస్తారు. గడువులోగా లేవకపోతే ఓపిక తీరినట్లే.

ఎంత మర్యాద! అయితే ఈ మర్యాదలో ప్రమాదం లేకపోలేదు. చేతులు కూడా చచ్చుబడి ఉంటే, గడువు ముగిసేదాకా పంపిన పొట్లాలన్నీ అగాధంలో పడతాయి. 2008 జనవరి 30న అలెగ్జాండ్రియా సమీపంలో సముద్రగర్భ తంతులు తెగి మన దేశపు ఇంటర్నెట్ కుంటుపడింది. అటువంటప్పుడు దారే లేదు. ఎంత వేచినా లాభం లేదు, వేరే దారి పట్టవలసిందే. పొరుగు రౌటర్‌కు మాత్రం ఈ తేడా తనంతట తెలియకపోవచ్చు. 2019 నాటి సవరణ ఈ ఓపికను 90 సెకండ్ల మౌనానికి కూడా విస్తరించింది. నిజంగానే తెంచుకొనేవారు చెప్పడానికి 'హార్డ్ రీసెట్' అనే మాటను కూడా చేర్చింది.

కనుక ఈ సదుపాయాన్ని కళ్లు మూసుకొని అన్నిచోట్లా అమర్చడం సరికాదని నా అభిప్రాయం. ఒకే దారి ఉండి, మెదడు నిద్రించినా చేతులు ఆడే యంత్రమైతే ఓపిక పట్టాలి. మంచి దారులు రెండున్నచోట వెంటనే తప్పుకోవడమే మేలు.

మన పాఠాలలో అతి దగ్గరి దారిని కనుగొనడం గురించే ఎక్కువ చెబుతాము. దారి తెగినప్పటి నడవడిని గురించి తక్కువ. కళాశాల కమిటీవారికి ఒక విన్నపం. దీనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. 2017లో వెలువడిన ఎఫ్‌ఆర్ రౌటింగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తుంది. మూడు యంత్రాలు, నడుమ ఒక స్విచ్ చాలు. ఒక రోజు విద్యార్థి బీజీపీ ప్రోగ్రామును మాత్రమే ఆపి చూడాలి. మరునాడు పొరుగు యంత్రపు కేబులునే ఊడబెరికి, గడియారం దగ్గర పెట్టుకొని, ఎన్ని పొట్లాలు గల్లంతయ్యాయో లెక్క వ్రాయాలి. ఆ లెక్కను ఉర్దూలో వ్రాసినా, తెలుగులో వ్రాసినా దిద్దడానికి నేను సిద్ధం.