పటేల్ పోయిండు, పటేలా అనుడు పోలే

"టైయీ" అని ఒక మాట ఉంది. ఉత్తర అమెరికా పసిఫిక్ తీరంలో రకరకాల తెగలవాళ్ళూ, తెల్ల వర్తకులూ బేరాలకి వాడుకున్న చినూక్ జార్గన్ అనే కలగాపులగం భాషలోది. అర్థం పెద్ద, నాయకుడు. అదే మాట చేపకీ పెట్టారు. కెనడాలో కాంప్‌బెల్ రివర్ దగ్గర 1924లో పెట్టిన టైయీ క్లబ్ లెక్క ప్రకారం, చినూక్ సాల్మన్ 30 పౌండ్లు (మన లెక్కలో పదమూడున్నర కిలోలు) తూగితేనే టైయీ. ఇరవై తొమ్మిదిన్నర తూగితే ఉత్త చేపే :)

మా జహీరాబాద్‌లో నాయకుడనే అర్థంలో అంత గట్టిగా పాతుకుపోయిన మాట పటేల్. చేపలకి పెట్టలేదు లెండి, సింగూరులో ఎంత పెద్ద బొచ్చె పడినా అది బొచ్చే. నిజాం కాలంలో మాలీ పటేల్ శిస్తు వసూలు చేసేవాడు, పోలీస్ పటేల్ తగాదాలూ నేరాలూ చూసేవాడు, పట్వారీ లెక్కలు రాసేవాడు. అన్నీ వంశపారంపర్యమే. అక్కడ చేపకైనా తూకం ఉంది, ఇక్కడ పటేల్ కొడుకైతే చాలు.

1956 దాకా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలోది కాబట్టి మాకు కన్నడ, మరాఠీ కలిసిన మాటలు ఎక్కువ. పటేలే అటువైపు పాటిల్ అవుతాడు. ఇంకో తమాషా, కన్నడంలో గౌడ అంటే ఊరి పెద్ద. సరిహద్దు దాటి ఇటొస్తే గౌడ్ అంటే కల్లు గీసే కులం. గంట ప్రయాణం కూడా లేదు.

1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థని రద్దు చేసింది. కొలువు పోయి నలభై ఏళ్ళు దాటింది, పిలుపు మాత్రం పోలేదు. "ఏం పటేలా, మంచిగున్నవా?" పాత పటేల్ మనవడికీ ఇదే, నాలుగెకరాలున్న పై కులం ఆసామీకీ ఇదే. 2020లో తెలంగాణలో వీఆర్వోలనీ తీసేశారు కదా, మరి "ఏం వీఆర్వో, మంచిగున్నవా" అని మర్యాదకి ఎవరైనా అంటున్నారా?

"అరె, అది ఊరికే మర్యాద మాట, సార్ అన్నట్టు" అంటారు మా ఫ్రెండ్స్. నేను ఒప్పుకోను. మర్యాదే అయితే వయసుకి దక్కాలి. డెబ్భై ఏళ్ళ మాదిగ తాత పాతికేళ్ళ కుర్రాణ్ణి పటేలా అంటాడు, ఆ కుర్రాడు తాతని పేరు పెట్టి పిలుస్తాడు. సార్ అనే మాట ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు అనుకోవచ్చు. ఇది ఒకవైపే నడుస్తుంది. నెల జీతానికి కోడ్ రాసుకునే నన్ను కూడా ఊరెళ్తే పటేలా అనేవాళ్ళున్నారు, నేను చేసిన పెత్తనం ఏమిటో నాకే తెలీదు.

జహీరాబాద్ పక్కనే మాచునూరులో 2008 నుంచి సంగం రేడియో నడిపింది దళిత ఆడవాళ్ళు. నాయకత్వం అంటే ఇంకేం కావాలి? వాళ్ళనెవరైనా పటేలమ్మా అని పిలవగా నేనైతే వినలేదు.