తాతల చాకులకూ ఒక చరిత్ర ఉంది

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం చూసి వచ్చిన మన హాస్టల్ విద్యార్థులకు జహంగీరు, నూర్జహాన్‌ల బాకులు గుర్తుండే ఉంటాయి. అద్దాల పెట్టె, పక్కన పేరు, వివరం. రాణిగారి బాకుకు దక్కిన ఆ మర్యాద మన తాతల చాకుకు ఎందుకు దక్కకూడదు? ఈ వార్షికోత్సవ సంచికలో మేము అడగదలచిన ప్రశ్న ఇదే.

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ పల్లెల నుండి వచ్చిన మన ఇళ్ళలో అద్దాల బీరువాలు లేకపోవచ్చు. చూరులో దోపిన కొడవలి మాత్రం ఉంటుంది. తాత రొంటిన దోపుకు తిరిగిన మడత చాకు, తోలు కోసిన కత్తి, ఆరె, కల్లుగీత కత్తి కూడా ఏదో ఒక మూల తుప్పు పట్టి పడి ఉంటాయి. వరి కోత యంత్రాలు వచ్చాక కొడవలికి పని తగ్గింది. చివరికి ఇవన్నీ పాత ఇనప సామాన్ల బండికి కిలోల లెక్కన పోతున్నాయి.

17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు ఉక్కు మచిలీపట్నం రేవు నుండి ఓడలెక్కి పర్షియా దాకా వెళ్ళింది. మన చాకులు ఆ ఉక్కువని మేము అనడం లేదు. ఊరి కొలిమిలో పాత లారీ కమాన్ కట్టల ముక్కలను కాల్చి, సాగగొట్టి ఎన్నో కత్తులు చేశారు. పారేసిన ఇనుముకు పదును పుట్టించడం కూడా ఒక విద్యే కదా!

దివిసీమ వారికి ఇంకొక కారణం కూడా ఉంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వేలాది ప్రాణాలతో పాటు ఇళ్ళను, సామానును ఊడ్చుకుపోయింది. అంతకు ముందు కాలపు చాకు ఒక్కటి ఏ ఇంట్లోనైనా మిగిలి ఉందంటే అది ఆ ఉప్పెనను దాటి వచ్చిన వస్తువు. దానిని పాత ఇనుము అనడం న్యాయమా?

"కులవృత్తి గుర్తులు మనకెందుకు? వాటిని వదిలించుకోవడానికే కదా చదువుతున్నాం" అని కొందరు మిత్రులు అంటారు. ఆ మాటలోని బాధ మాకు తెలుసు. పుట్టుకతో పనిని ముడిపెట్టడాన్ని డాక్టర్ అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో ఖండించారు. మేమూ ఆ ముడి తెగాలనే కోరుతున్నాం. కాని ముడి తెంచుకోవడం వేరు, ఆ పని చేసిన చేతులను మరచిపోవడం వేరు. ఆ కత్తిని మళ్ళీ పట్టమని ఎవరినీ అడగడం లేదు. దానిని పట్టినవారి నేర్పు, వారికి జరిగిన అన్యాయం రెండూ కాగితం మీదకు రావాలని అడుగుతున్నాం.

శుభ్రం చేయడం కష్టమేమీ కాదు. పెద్దల సమక్షంలో, పొయ్యికి దూరంగా, అంచుకు మందపాటి గుడ్డ చుట్టి పని మొదలుపెట్టాలి. తుప్పు మీద మిషను నూనె రాసి ఒక రాత్రి ఉంచి, కొబ్బరి పీచుతో రుద్దాలి. ఎర్రగా రాలే తుప్పు పోవాలి. గట్టిగా అంటుకున్న నలుపును ఉండనివ్వండి, అది వయసు తెచ్చిన రంగు. చింతపండు ఇత్తడి పిడికి మంచిదే గాని ఇనుముకు తగలనివ్వకండి. సాన మాత్రం పట్టించవద్దు. ఏళ్ళ తరబడి నూరగా అరిగిన ఆ వంపే దాని చరిత్ర. ఆఖరున పొడిగుడ్డతో తుడిచి పలుచగా నూనె రాయాలి. మనది సముద్రపు ఉప్పుగాలి కాబట్టి నెలకొకసారి మళ్ళీ చూసుకోవాలి.

కత్తులను గదుల్లో, పెట్టెల్లో దాచుకోవడం ఎంతమాత్రం తగదు. వార్డెన్ గారి అనుమతితో, తాళం వేసిన ఒక అద్దాల బీరువాలో ఉంచుదాం. ప్రతిదాని పక్కన ఒక చీటీ ఉండాలి: ఎవరిది, ఏ ఊరు, ఏ పని చేసింది, ఎవరు చేసి ఇచ్చారు. పెద్దవాళ్ళు ఇష్టపడి చెప్పినంతే రాయాలి.

పూర్వ విద్యార్థులైన అన్నయ్యలకు, అక్కయ్యలకు మా మనవి ఒక్కటే. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు చాకు కంటే ముందు దాని కథ అడగండి. తుప్పు పట్టిన ఇనుము ఇంకొన్నాళ్ళు ఆగుతుంది, చెప్పగల పెద్దవాళ్ళు ఆగరు.