గుచ్చిన చెవి ఎవరికి సాక్ష్యం?



ఉజ్జీవ సభల్లో తరచూ వినిపించే ప్రసంగం ఒకటుంది. ఆరేళ్లు చాకిరీ చేసిన హెబ్రీ దాసుడు ఏడో ఏట విడుదలవ్వాలి. కానీ అతను యజమానిని ప్రేమిస్తున్నాను, పోను అంటాడు. యజమాని అతన్ని తలుపు దగ్గర నిలబెట్టి చెవికి కదురు గుచ్చుతాడు. ఇక బతుకంతా దాసుడే. మనమూ క్రీస్తుకు అలాగే చెవి అప్పగించాలని బోధకుడు ముగిస్తాడు. సభంతా ఆమెన్ అంటుంది.

నిర్గమకాండము 21వ అధ్యాయంలో ఈ మాట 5, 6 వచనాల్లో ఉంది. 4వ వచనం మాత్రం ప్రసంగంలో వినపడదు. యజమాని ఇచ్చిన భార్య, ఆమెకు పుట్టిన పిల్లలు యజమాని సొత్తు, దాసుడు ఒంటరిగా పోవాలి అంటుందది. ఒక పక్క స్వేచ్ఛ, ఇంకో పక్క కన్నబిడ్డలు. ఏదో ఒకటి ఎంచుకోమంటే, ఆ ఎంపికను ప్రేమ అందామా? అప్పు కింద కొడుకుని పాలేరుగా పెట్టిన వాడల నుంచి వచ్చిన మనకు ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. వెట్టి నిర్మూలన చట్టం వచ్చింది 1976లో. వాడికి నేనంటే ప్రాణం అని దొరే చెప్పుకోవడం అంతకు ఎంతో ముందు నుంచీ ఉన్నదే.

బైబిలు కూడా ఈ ఆచారాన్ని ఒకేలా వదిలెయ్యలేదు. ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయం, విడుదలైనవాణ్ని వట్టి చేతులతో పంపొద్దంటుంది. మందలోంచి, కళ్లంలోంచి, ద్రాక్షగానుగలోంచి ఇచ్చి పంపమంటుంది. కారణం ఒక్కటే: ఐగుప్తులో మీరూ దాసులే.

మరి చెవే ఎందుకు? మొదటి శతాబ్దపు యూదు గురువు యోహానాన్ బెన్ జక్కాయ్ పేరిట తల్ముదులో ఒక జవాబుంది. ఇశ్రాయేలీయులు నాకే దాసులని సీనాయి దగ్గర దేవుడు చెప్పగా విన్నది ఆ చెవే. విని కూడా ఇంకో మనిషిని యజమానిగా తెచ్చుకుంది, అందుకే దానికి ఆ గాయం. తలుపెందుకంటే, ఐగుప్తు నుంచి విడుదలైన రాత్రికి ద్వారబంధమే సాక్షి. అంటే మన సభల్లో భక్తికి పతకంగా చూపే ఆ గాయం, అక్కడ నింద.

ఆ గురువుతో నాకో పేచీ ఉంది. సీనాయి మాట యజమాని కూడా విన్నాడు కదా. అతని చెవికి ఎవరూ కదురు పెట్టలేదే!

క్రైస్తవులకు దీని ఆత్మీయ అర్థం ఇక్కడే ఉందని నా వాదన. రోమా పత్రిక మొదట్లోనే పౌలు తనను క్రీస్తు దాసుడినని చెప్పుకుంటాడు. అదే పౌలు మొదటి కొరింథీ పత్రిక 7వ అధ్యాయంలో, మీరు విలువపెట్టి కొనబడ్డారు, మనుషులకు దాసులు కావద్దు అంటాడు. ఈ రెండు మాటల్నీ విడదీయకూడదు. నేను క్రీస్తు దాసుణ్ని అనడమంటే, ఇంకే మనిషీ నాకు ప్రభువు కాడని ప్రకటించడం. ఆదివారం ఆ పాట పాడి, సోమవారం దొర అరుగు ముందు చెప్పులు విప్పితే ఆ ప్రకటన అబద్ధమవుతుంది. దైవజనుడికి ఎదురు చెప్పొద్దంటూ ఈ వాక్యాన్నే వాడే పాస్టరు కూడా, క్రీస్తు చోట తాను కూర్చుంటున్నట్టే.

ఈసారి ఈ ప్రసంగం వింటే, అయ్యా, 4వ వచనం కూడా చదవండి అని అడగండి. ఆ చట్టంలో దాసుడికి మాట్లాడే అవకాశం ఒక్కసారైనా వచ్చింది. అతని భార్యను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.